గంటమ్మ ట్రాలీ ఆపిన చోటు

ఓడ వచ్చిన రోజున గంటమ్మ జోలికి పోకూడదని ఆ రేవులో టీ కొట్టువాడి దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అందరికీ తెలుసు. మామూలు రోజుల్లో ఆవిడంత కలుపుగోలు మనిషి మరొకరు ఉండరు. ట్రాలీ నడుపుతూనే ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి పిల్లాడు బడి ఎగ్గొట్టాడో అన్నీ కనుక్కుంటుంది. మోకాళ్ల నొప్పులతో ఎవరైనా పెద్దావిడ చెయ్యెత్తితే స్టాపు కానిచోట కూడా బండి ఆపి, "రామ్మా, మెల్లిగా ఎక్కు, నీకోసం ఓ క్షణం ఆగితే కొంప మునగదు" అంటుంది. అలాంటి మనిషికి సముద్రం మీద తెల్లటి ఓడ కనిపించిందంటే ముక్కు మీదికి కోపం వచ్చి కూర్చునేది.

ఆవిడ మొదట్లో ఆ బండి ఊడ్చడానికి చేరింది. ఊడుస్తూ, సీట్లు తుడుస్తూ, డ్రైవరు చేతుల కేసి చూస్తూ ఉండేది. ఒకరోజు డ్రైవరు కడుపునొప్పితో కొండ మీదే కూలబడిపోతే, చీపురు పక్కన పెట్టి తనే బండిని కిందికి దించింది. "ఆడమనిషి చేతికి బ్రేకు ఏం ఆగుతుంది" అని నవ్విన మగవాళ్లంతా ఆ రోజు అదే బండిలో కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నారు. రేవు గేటు దగ్గర ఒక్క కుదుపు లేకుండా ఆగాక గానీ తెరవలేదు. అప్పట్నుంచీ బండి ఆవిడదే. టంగ్ టంగ్ అని రెండుసార్లు, కాస్త ఆగి ఇంకోసారి టంగ్ మని ఆవిడ కొట్టే గంటను బట్టి ఊరివాళ్లు గంటమ్మ అన్నారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

పట్టాల మీద నడిచే ఆ ట్రాలీ గురించి ఒక్క ముక్క చెప్పాలి. రేవు గేటు దగ్గర బయల్దేరి, సముద్రపు రోడ్డు వెంట గోదాములు దాటి, బజారు సందులోంచి కొండ ఎక్కుతుంది. పైన దాన్ని తిప్పడానికి చోటు లేదు. అందుకని రెండు చివరలా నడిపే ఏర్పాటు ఉంది. ఇత్తడి హ్యాండిల్ మాత్రం ఒక్కటే. చివరి స్టాపు రాగానే డ్రైవరు దాన్ని ఊడదీసి, సీట్ల మధ్యలోంచి నడిచి వెళ్లి, రెండో చివర తగిలించుకోవాలి. హ్యాండిల్ ఊడితే బ్రేకు బిగుసుకుని బండి చచ్చినట్టు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని కదిలించడం ఇక ఎవరి తరమూ కాదు.

ఆ హ్యాండిల్ మోసే ఉద్యోగం గంటమ్మ మనవరాలిది.

మనవరాలంటే రెండేళ్లు నిండిన పిల్ల. గుండ్రంగా, పొట్టిగా ఉంటుందని బుడంకాయ అని పిలుస్తారు. దాని తల్లి, అంటే గంటమ్మ కూతురు, ఓడలో గదులు శుభ్రం చేసే పనికి వెళ్లేటప్పటికి పిల్ల గోడ పట్టుకుని నిలబడుతోంది. అల్లుడు ఇంకో ఓడలో వంటవాడు. ఈ ఓడ ఇటు వస్తే ఆ ఓడ అటు పోతుంది. మొగుడూ పెళ్లాలు కలిసి తిన్న భోజనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లని చూసే దిక్కు లేక గంటమ్మ తనతో పాటే బండెక్కించుకుంది. డ్రైవరు చోటు పక్కన ఒక చెక్కపెట్టె, దాని మీద పాత దిండు, దాని మీద బుడంకాయ. నడక వచ్చాక ఒకరోజు ఊరికే హ్యాండిల్ చేతికిస్తే, రెండు చేతులా పొట్టకి అదుముకుని, అటూ ఇటూ ఊగుతూ, ఆ చివరిదాకా మోసుకెళ్లి ఇచ్చింది. ఇక చూస్కోండి! మర్నాటినుంచి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు. అమ్మమ్మ పొరపాటున తనే తీసిందా, బండి పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు. ఇచ్చాక "గంట కొత్తు" అంటుంది. కొట్టాలి. కొట్టకపోతే బండి కదలడానికి దానిగారి అనుమతి లేదు.

బండి మీద అంత దర్జా వెలగబెట్టే పిల్ల, కిందికి దిగితే మాత్రం పిల్లికూన. కొత్త మొహం కనిపిస్తే అమ్మమ్మ తొడుక్కునే డ్రైవరు కోటు వెనక దాక్కుని ఒక కన్ను మాత్రం బయటపెడుతుంది. దానికి అమ్మంటే ఆ కోటు జేబులో ఉండే ఫోను. సాయంత్రం ఫోను మోగితే "అమ్మ!" అని గంతులేస్తుంది. తెరకి ముద్దు పెడుతుంది, బిస్కెట్టు తినిపిస్తుంది. మాట్లాడటం అయిపోయాక ఫోనుని జోకొట్టి జేబులో పడుకోబెడుతుంది. చూసినవాళ్లు ముచ్చటపడేవారు. గంటమ్మ మాత్రం ఆ ముచ్చట చూడలేక మొహం అటు తిప్పుకునేది.

సరే, ఇంతలో విహారానికి ఓడలో వచ్చేవాళ్లని తిప్పడానికని ట్రాలీని ఓడ రోజుల వరకూ ఒక టూరు కంపెనీకి అప్పగించారు. కంపెనీ ఒక సూపర్‌వైజరుని పంపింది. మండుటెండలో కూడా టై బిగించుకు తిరుగుతాడని వాడికి టైబాబు అని పేరు పడింది. వచ్చీ రాగానే కొత్త నియమాలు. ఓడ రోజున ఊరివాళ్లు బండి ఎక్కకూడదు. దారిలో ఆపకూడదు. ఓడలో పనిచేసేవాళ్లు ప్రయాణికుల పక్కన కూర్చోకూడదు. చోద్యం కాకపోతే, ఊళ్లో బండి ఊరివాళ్లు ఎక్కకపోవడమేమిటి! కూరగాయల సంచులతో కొండెక్కలేక జనం నానా తిట్లూ తిట్టారు. ఆ తిట్లన్నీ తినేది గంటమ్మ. ముందు నిలబడేది ఆవిడే కదా.

అది చాలదన్నట్టు టైబాబు ఒకనాడు రేవు గేటు మీద పెద్ద బొమ్మ కట్టించాడు. అందులో బుడంకాయ! హ్యాండిల్ పొట్టకి హత్తుకుని, నాలుక కాస్త బయటపెట్టి నడుస్తోంది. కింద "మా బుల్లి డ్రైవరుని కలవండి" అని రాసి ఉంది. ఎప్పుడు తీశాడో, ఎవర్నడిగి తీశాడో దేవుడికే తెలియాలి. గంటమ్మ అడిగితే "పాపకి పేరొస్తుంది కదండీ" అని పళ్లికిలించాడు. ఆవిడకి ఒళ్లు మండింది గానీ మాట మింగేసింది. పిల్లని బండి దించెయ్యమంటే ఎక్కడ పెట్టుకోవాలి?

అలాంటి రోజుల్లో కూతురు ఫోను చేసింది. "అమ్మా, ఈసారి మా ఓడ మన రేవుకే వస్తోంది. నాకు మధ్యాహ్నం దాకా దిగడానికి ఒప్పుకున్నారు."

గంటమ్మ వెంటనే సెలవడిగింది. "ఓడ రోజు సెలవా? భలేవారే, ఇంకెవరు నడుపుతారు?" అన్నాడు టైబాబు. పోనీలే అనుకుంది ఆవిడ. ఇల్లెలాగూ కొండమీదే. తల్లీ పిల్లా బండిలో తన పక్కనే కూర్చుంటారు. పెట్టె మీద కూర్చున్నప్పుడు బుడంకాయకి బెరుకుండదు. హ్యాండిల్ మోస్తుంది, గంట కొట్టిస్తుంది, ఆ సంబరంలో తల్లికి దగ్గరవుతుంది. ఒక్కపూట చాలు, ఎత్తుకోనిస్తే చాలు. గంటమ్మ లెక్క అది. నియమం మనసులో మెదిలింది గానీ, సొంత డ్రైవరు కూతురు కదా, ఆమాత్రం చూసీచూడనట్టు పోడా అనుకుంది.

ఓడ వచ్చింది. సిబ్బంది గేటులోంచి కూతురు పరుగులాంటి నడకతో వచ్చింది. చిక్కిపోయింది. చేతులు సబ్బునీళ్లకి నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒక చేతిలో కుట్టుగుడ్డల కుందేలు బొమ్మ. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "బుడంకాయా, నేనే అమ్మని" అంది.

బుడంకాయ కోటు వెనక్కి పోయింది.

"అమ్మే తల్లీ, అమ్మ వచ్చింది చూడు," అంది గంటమ్మ. "అమ్మ ఏదీ? చూపించు."

ఆ పిల్ల చిన్న చెయ్యి చాపి అమ్మమ్మ జేబు మీద తట్టింది. "అమ్మ బజ్జుంది," అంది.

కూతురు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గంటమ్మ, "దాని మొహం, దానికేం తెలుసు! బండెక్కు, అదే వస్తుంది నీ ఒళ్లోకి," అని కూతురి రెక్క పట్టుకుని మెట్టు దగ్గరికి తీసుకెళ్లింది.

మెట్టు మీద టైబాబు నిలబడి ఉన్నాడు.

"గంటమ్మగారూ, ఓడ సిబ్బందిని ఎక్కించకూడదని తెలుసు కదా."

"నా కూతురు బాబూ. ఆ బొమ్మలో పిల్ల ఉందే, దాన్ని కన్నతల్లి. సీటు కూడా అక్కర్లేదు, నా పక్కన నిలబడుతుంది."

"కూతురైనా ఎవరైనా రూలు రూలే. పాపని ఎక్కించండి, అందరూ ఫొటోలకి ఎదురు చూస్తున్నారు. ఈ అమ్మాయి మాత్రం వద్దు."

గంటమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోయేంతలో కూతురే చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దమ్మా, గొడవైతే నా ఉద్యోగానికీ ముప్పే. మేం నడుచుకుంటూ వెళ్తాంలే. రేవంతా చూపిస్తాను దానికి. నువ్వెళ్లు." అని, గింజుకుంటున్న పిల్లని చంకనేసుకుని రోడ్డు వెంట నడిచింది. బుడంకాయ ట్రాలీ కేసి చేతులు చాచి ఏడుస్తూనే ఉంది.

బండి నిండింది. గంటమ్మ గంట కొట్టి బయల్దేరింది. టైబాబు మైకు పుచ్చుకుని కబుర్లు మొదలుపెట్టాడు. సముద్రపు రోడ్డు మలుపు తిరిగేసరికి గోదాముల దగ్గర ఎర్ర బెలూను కనిపించింది. కూతురు కొన్నట్టుంది. బెలూను వల్లా కాలేదు, కుందేలు వల్లా కాలేదు. బుడంకాయ నేల మీద వెల్లకిలా పడుకుని కాళ్లు కొట్టుకుంటోంది. కూతురు గోదాము గోడకి ఆనుకుని చతికిలబడి, ఏం చెయ్యాలో తోచక దాని చెప్పు చేతిలో పట్టుకుని కూర్చుంది.

"కుడివైపు చూడండి," అన్నాడు టైబాబు మైకులో. "ఎంతో పాతకాలపు గోదాములు."

జనమంతా కుడివైపు తిరిగారు, ఫొటోలు తీశారు. ట్రాలీ చూడగానే బుడంకాయ దిగ్గున లేచి "అమ్మమ్మా!" అని పరుగెత్తబోయింది. తల్లి దాని గౌను పట్టి ఆపింది. గంటమ్మ చెయ్యి బ్రేకు మీదికి పోయింది. "ఆపకూడదు," అన్నాడు టైబాబు వెనకనుంచి. ఆవిడ ఆపలేదు. ముక్కూమొహం తెలియని ముసలమ్మల కోసం ఇన్నేళ్లూ ఆపిన మనిషి, కన్నకూతురి ముందునుంచి గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది ఆవిడకి.

కొండ మీద హ్యాండిల్ తనే ఊడదీసి తనే మోసుకెళ్లింది. "బుల్లి డ్రైవరు ఏదండీ?" అని ప్రయాణికులు అడుగుతున్నారు. టైబాబు ఆవిడ దగ్గరికొచ్చి పళ్లు కొరికాడు. "పాపని ఎందుకు పంపేశారు? బొమ్మ చూసి వచ్చారు వీళ్లంతా!"

"మీరేగా తల్లిని ఎక్కనివ్వంది?"

"తల్లిని వద్దన్నాను, పాపని కాదే!"

గంటమ్మ వాడి మొహంలోకి చూసింది. "అంటే పిల్ల కావాలి, పిల్ల తల్లి అక్కర్లేదు."

"అలా కాదండీ... సిబ్బంది పక్కన కూర్చుంటే ప్రయాణికులకి ఇబ్బంది."

"రాత్రి వీళ్ల పక్కలు పరిచేది అది. వీళ్లు విడిచిన తువ్వాళ్లు ఎత్తేది అది. అప్పుడు లేని ఇబ్బంది పగలు పక్కన కూర్చుంటే ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?"

టైబాబు మైకు దగ్గరికి వెళ్లిపోయాడు. గంటమ్మ బండి దించింది. బజారు సందు దాటింది. గోదాములు వచ్చాయి. తల్లీ పిల్లా ఇంకా అక్కడే ఉన్నారు. బుడంకాయ ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పెడుతోంది, తల్లికి ఓ మూర దూరంలో, వీపు తిప్పి కూర్చుని. బెలూను ఎటో పోయింది. ఓడ ఎక్కే వేళ దగ్గరపడుతోంది.

గంటమ్మ బండి ఆపింది. హ్యాండిల్ ఊడదీసింది. దిగింది.

"ఏం చేస్తున్నారు? ఇక్కడ స్టాపు లేదు!" టైబాబు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నాకు తెలియదా స్టాపులెక్కడున్నాయో? నోరు మూసుకుని కూర్చో!" అంది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

నేరుగా వెళ్లి హ్యాండిల్ బుడంకాయ చేతుల్లో పెట్టింది. ఎక్కిళ్లు టక్కున ఆగిపోయాయి. పని పడింది కదా! పిల్ల హ్యాండిల్ పొట్టకి అదుముకుని, మొహం గంభీరంగా పెట్టి, బండి వెనక తలుపు కేసి నడిచింది. ముందుకి చేర్చాలంటే వెనకనుంచి ఎక్కి, సీట్ల మధ్యగా వెళ్లాలి. దానికి తెలిసిన దారి అదొక్కటే. తీరా మెట్టు దగ్గరికి వెళ్లేసరికి మెట్టు దాని గడ్డం దాకా ఉంది. స్టాపుల్లో అయితే కింద అరుగు ఉంటుంది. ఇక్కడ ఒట్టి రోడ్డు.

బుడంకాయ అమ్మమ్మ కేసి చూసింది. గంటమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్ల "ఊఁ" అంది. గంటమ్మ కదల్లేదు.

పిల్ల కాసేపు హ్యాండిల్ కేసి, మెట్టు కేసి చూసింది. తర్వాత పక్కన నిలబడ్డ ఆ కొత్త మనిషి కేసి తిరిగింది. చేతులు ఖాళీ లేవు గనక గడ్డం పైకెత్తి, "ఎత్తు," అంది.

కూతురు వంగి ఎత్తుకుంది. ఎంత జాగ్రత్తగా ఎత్తిందంటే, వేడి పాలగిన్నె దించుతున్నట్టు. బుడంకాయ ఆమె భుజం మీద గడ్డం ఆనించి, "అటు," అని దారి చూపించింది.

టైబాబు తలుపుకి అడ్డం వచ్చాడు. అప్పుడే వెనక సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దాయన లేచి, "అరె, మా గది సర్దే అమ్మాయి కదూ! నీ పాపా అమ్మా? రా, ఇలా రా," అని జరిగి చోటిచ్చాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ఇదంతా టిక్కెట్టుతో వచ్చిన వేడుక అనుకున్నట్టున్నారు. ఆ చప్పట్లకి కూడా గంటమ్మకి చిర్రెత్తుకొచ్చింది. మా ఏడుపు మీకు ఆటగా ఉందా అని అరవాలనిపించింది. టైబాబు చప్పట్లు చూసి పక్కకి తప్పుకున్నాడు.

గంటమ్మ ఎక్కి ముందు తన చోట నిలబడగానే, తల్లి చంకలోంచే బుడంకాయ ఆవిడకి హ్యాండిల్ అందించింది. "గంట కొత్తు," అంది, అమ్మమ్మతో కాదు, తల్లితో. కూతురు తాడు లాగింది. టంగ్ టంగ్, కాస్త ఆగి, టంగ్. చిన్నప్పట్నుంచీ విన్న గంటే కదా, చెయ్యి తప్పలేదు. రేవు గేటు దాకా పిల్ల ఆ చంక దిగలేదు. గంటమ్మ ఆ దారంతా ఎంత మెల్లిగా నడిపిందంటే, పక్కనుంచి సైకిలువాడు దాటిపోయాడు.

అంతే. ఓడ కూత పెట్టింది. పిల్లని అమ్మమ్మ చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా కూతురు సిబ్బంది గేటులోకి పోయింది. చూస్తే వెళ్లలేనని తెలుసు దానికి.

ఓడ అటు కదలగానే టైబాబు ఇటు చెయ్యి చాపాడు. "హ్యాండిల్ ఇవ్వండి. రేపు ఆఫీసుకొచ్చి నలుగురి ముందూ క్షమాపణ చెబితే తిరిగిస్తాను. లేదంటే వేరే డ్రైవర్ని చూసుకుంటాం."

గంటమ్మ పిల్లని ఎత్తుకుని కొండ నడిచి ఎక్కింది. ఎక్కుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక కోపం కాస్త దిగి, భయం ఎక్కింది. ఈ వయసులో ఇంకెవరిస్తారు పని? పిల్లని పక్కన కూర్చోబెట్టుకోనిచ్చే పని ఇంకెక్కడ దొరుకుతుంది? తప్పయిందని ఒక్క మాట అనేస్తే నోరేం అరిగిపోదుగా అని తనకి తనే నచ్చజెప్పుకుంది. పొద్దున్న ఏం అనాలో కూడా మనసులో కూర్చుకుంది.

ఇంతలో ఫోను మోగింది. తెర మీద కూతురి మొహం. "ఏదీ నా బుడంకాయ?"

గంటమ్మ ఫోనుని గోడకి ఆనించి చాప మీద నిలబెట్టింది. బుడంకాయ వచ్చి చూసింది. గంతులెయ్యలేదు, ముద్దు పెట్టలేదు, బిస్కెట్టు తినిపించలేదు. ఫోను పట్టుకుని తిప్పి, వెనక చూసింది. వెనక ఏముంది, నల్లటి అట్ట! చాప ఎత్తి కింద చూసింది. మళ్లీ ఫోనుని ఎలా ఉందో అలా నిలబెట్టి, రెండు చేతులూ తెరకేసి చాచి, "ఎత్తు," అంది.

అటుపక్క కూతురు నోరు నొక్కుకుంది.

"క్షమాపణట!" అంది గంటమ్మ. "ఎవరు ఎవరికి చెప్పాలే క్షమాపణ? రానీ, పొద్దున్నే వెళ్లి నలుగురి ముందూ అదే అడుగుతాను. ఆ గేటు మీద బొమ్మ ముందు దింపమంటాను. పిల్ల తల్లికి చోటు లేని బండి మీద నా పిల్ల బొమ్మ ఎందుకు? హ్యాండిల్ ఇస్తే ఇచ్చాడు. మళ్లీ నీ ఓడ వచ్చిన రోజు అదే గోడ దగ్గర ఆపుతాను, ఎవడు అడ్డొస్తాడో చూస్తాను!"

బుడంకాయకి ఈ గొడవేం పట్టలేదు. చేతులు ఇంకా అలాగే చాచి నిలబడి ఉంది.